ర్యాంప్ కావాలా? అర్జీకి ముందు టేపు పట్టండి

పక్షవాతం వచ్చి నాన్నకు ఎడమవైపు పడిపోయాక, ఒక సంతకం కోసం ఆయన్ను వీల్‌చైర్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసుకు తీసుకెళ్లాను. ముందు మూడు మెట్లు. అటెండరు మంచివాడే. "సారును ఈడనే ఉండనియ్యండి మేడం, రిజిస్టర్ తెచ్చి సంతకం తీస్కుంటం" అన్నాడు. నాన్న మే నెల ఎండలో గేటు పక్కన కూర్చుని సంతకం పెట్టారు. ఇంటికొచ్చి కోపంగా రెండు పేజీల అర్జీ రాశాను. 'మానవతా దృక్పథంతో' అన్న మాట అందులో మూడుసార్లు వాడాను. నాలుగు నెలలు గడిచినా ఉలుకూ పలుకూ లేదు.

చివరికి అసిస్టెంట్ ఇంజనీర్‌ని, అంటే అందరూ ఏఈ అనే ఆయన్ని, పట్టుకున్నాను. ఆయన విసుక్కోకుండా ఒక్కటే అడిగారు. "పొడవెంత మేడం? వెడల్పెంత? యాడ మొదలువెట్టి యాడ ఆపాలె?" నా రెండు పేజీల్లో ఎస్టిమేట్‌లోకి ఎక్కే అంకె ఒక్కటీ లేదు. మర్నాడు టేపు పట్టుకెళ్లాను. ఆ తర్వాత జరిగినవన్నీ చూశాక, హైదరాబాద్‌లో ఇలాంటి పని పెట్టుకునే వాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. సర్కారు కాగితాల్లో 'దివ్యాంగులు' అని రాస్తారు. నాకు తెలిసినవాళ్లలో చాలామంది 'వికలాంగులు' అనే అంటారు. వికలాంగుల హక్కుల పోరాట సమితి, వికలాంగుల హక్కుల జాతీయ వేదిక లాంటి సంఘాల పేర్లలోనూ అదే ఉంది. అర్జీలో ఏది రాసినా పని ఆగదు. మీతో వచ్చే మనిషి తనను ఏమని పిలవమంటే అలా పిలవండి.

ఒక్క చోటు ఎంచుకోండి

'మా కాలనీ మొత్తం వికలాంగులకు అనుకూలంగా మార్చాలి' అని రాస్తే ఆ కాగితం ఏ టేబుల్ మీదా ఆగదు. ఒక వార్డు ఆఫీసు, ఒక బస్తీ దవాఖానా, ఒక సర్కారు బడి, ఒక బస్టాపు, ఒక పార్కు గేటు. వీటిలో ఒకటి పట్టుకోండి. నన్నడిగితే పోలింగ్ జరిగే బడి మంచి మొదలు. ఎన్నికలప్పుడు అక్కడ ర్యాంప్ ఉండాలని అధికారులే అంటారు, చెక్కతోనో ఇసుక బస్తాలతోనో ఏదో ఒకటి వేస్తారు. ఎన్నికల రోజు అవసరమైనది మిగతా రోజుల్లో ఎందుకు అక్కర్లేదని అడిగితే జవాబు చెప్పడం వాళ్లకు కష్టం.

ప్రభుత్వ భవనమే కావాలని కూడా లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 'పబ్లిక్ బిల్డింగ్' అంటే జనం వచ్చిపోయే ప్రైవేటు కట్టడం కూడా. బడి, ఆస్పత్రి, షాపింగ్ కాంప్లెక్స్, గుడి, మసీదు, సినిమా హాలు అన్నీ అందులోకి వస్తాయి. ఫంక్షన్ హాలు ఓనరుకు ఈ సంగతి చెప్పి చూడండి, ఆశ్చర్యపోతాడు. మన పెళ్లిళ్లలో వీల్‌చైర్ మీదున్న తాతను నలుగురు మోసి స్టేజీ ఎక్కించడం ఒక మామూలు దృశ్యం అయిపోయింది. ఫొటోలో అందరూ నవ్వుతుంటారు, తాత తప్ప.

ఒంటరిగా వెళ్లకండి

ఎంచుకున్న చోటికి కనీసం ఇద్దరితో కలిసి వెళ్లండి. ఒకరు వీల్‌చైర్ వాడేవారు, ఇంకొకరు చూపు లేనివారు అయితే మీరు పదేళ్లుగా చూస్తూ కూడా చూడనివి పది నిమిషాల్లో తెలుస్తాయి. నా స్నేహితురాలికి చూపు లేదు. ఆవిడతో మొదటిసారి నడిచినప్పుడు ఫుట్‌పాత్ మీది పసుపు టైల్స్ గురించి చెప్పింది. పొడుగు గీతలుంటే 'ముందుకు నడువు' అని, చుక్కలుంటే 'ఆగు, ఇక్కడేదో ఉంది' అని అర్థం. ఆ రోజు మేం నడిచిన చోట గీతలు తిన్నగా వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్ గద్దెకు తగిలాయి. "టైల్స్ ఏసినోళ్లకు ఇది డిజైన్ అనుకుంట" అంది నవ్వుతూ.

వినికిడి లేనివారిని కూడా అడగండి. వాళ్ల ఇబ్బంది మెట్లతో రాదు. ఆఫీసులో టోకెన్ నంబరు నోటితో పిలుస్తారు, పేరు కేకేస్తారు. గోడ మీద నంబరు కనిపించే బోర్డు ఒకటి పెడితే తీరే సమస్య. అలాగే నోటీసును స్కాన్ చేసి బొమ్మలా పెడితే చూపు లేనివారి ఫోన్ దాన్ని చదవలేదు. అదే నోటీసు మామూలు టైపు చేసిన తెలుగులో ఉంటే చదివి వినిపిస్తుంది. ఈ రెండింటికీ టెండరు అక్కర్లేదు, అందుకే అర్జీలో వీటిని చివర్లో చేర్చండి. ముందు ఇవే జరిగిపోతాయి, ఫైలు కదిలిందన్న ధైర్యం మీకొస్తుంది.

ఎప్పుడు వెళ్లాలన్నదీ ముఖ్యమే. ఆదివారం పొద్దున ఖాళీగా కనిపించే ఫుట్‌పాత్ సాయంత్రం ఆరింటికి వేరే ఊరిలా ఉంటుంది. ఒకసారి సాయంత్రం వెళ్లండి, ఒకసారి గట్టి వాన కురిసిన మర్నాడు వెళ్లండి. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో ఫొటో తీయండి. ర్యాంప్ మొదలయ్యే చోటే మడుగు కడితే దాన్ని ఎవరూ వాడలేరు.

తోపుడు బండ్ల గురించి నా అభిప్రాయం చెప్తాను, మీరు ఒప్పుకోకపోవచ్చు. 'ఆక్రమణలు తొలగించండి' అని రాయకండి. ముందు టిఫిన్ బండి పోతుంది, వారానికి ఆ జాగాలో కార్లు పార్క్ అవుతాయి. వీధి వ్యాపారులకూ 2014 చట్టం ఉంది. 'నడిచే దారి ఆరడుగులు ఖాళీగా వదలాలి, బండి దాని అవతల ఉండొచ్చు' అని రాస్తే మీకు ఒక శత్రువు తగ్గుతాడు. చాలాసార్లు ఆ బండి ఆయనే మన వీల్‌చైర్ దించడానికి చెయ్యి వేస్తాడు.

టేపుతో కొలవండి

మూడు మీటర్ల టేపు, ఫోన్, ఒక నోట్‌బుక్ చాలు. ఫోన్లో వాలు కొలిచే లెవెల్ యాప్ ఉంటే ఇంకా మంచిది.

ర్యాంప్‌కు గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఒక్కటే: అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. పుస్తకాల్లో దీన్నే 1:12 వాలు అంటారు. ఆరంగుళాల మెట్టు ఒకటుంటే ఆరడుగుల ర్యాంప్, అలాంటివి మూడుంటే 18 అడుగులు. ఫోన్ యాప్‌లో ఈ వాలు సుమారు 4.8 డిగ్రీలు చూపిస్తుంది. ఐదు దాటితే నిలువు ఎక్కువైందని లెక్క.

18 అడుగులు అనగానే 'అంత జాగ యాడిది' అన్న మాట వస్తుంది. దీనికి సిద్ధంగా వెళ్లండి. ర్యాంప్ తిన్నగానే ఉండక్కర్లేదు, గోడ వెంబడి మలుపు తిప్పొచ్చు. మా చోట తొమ్మిదడుగులు వెళ్లి, ఐదడుగుల చదును జాగా మీద తిరిగి, మళ్లీ తొమ్మిదడుగులు పైకి వెళ్లేలా కుదిరింది. చక్రాల కుర్చీ పూర్తిగా తిరగడానికి 1500 మిల్లీమీటర్లు, అంటే సుమారు ఐదడుగుల చదును కావాలి. పైన తలుపు ముందు కూడా ఇంతే జాగా వదలాలి, లేకపోతే వాలు మీద ఒక చేత్తో కుర్చీ ఆపుకుంటూ ఇంకో చేత్తో తలుపు లాగాల్సి వస్తుంది. ర్యాంప్ పొడవు ఎక్కువైతే మధ్యలో ఆగడానికి చదును తప్పనిసరి.

వెడల్పు నాలుగడుగులు, అంటే 1200 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. రెండు పక్కలా పట్టుకునే కడ్డీలు ఉండాలి. ఒకటి సుమారు మూడడుగుల ఎత్తులో, ఇంకొకటి దానికి కాస్త కింద. కడ్డీ ర్యాంప్ అంచుతోనే ఆగిపోకుండా ఇటూ అటూ ఒక అడుగు ముందుకు రావాలి. అంచున రెండు మూడు అంగుళాల గట్టు ఉంటే చక్రం పక్కకు జారదు. పై పొర గరుకుగా ఉండాలి. సిమెంటు ఆరకముందే చీపురుతో అడ్డగీతలు గీయమంటే మేస్త్రికి అర్థమవుతుంది. పాలిష్ పెట్టిన తాండూరు బండ అందంగానే ఉంటుంది గానీ, వానలో కర్ర ఆనించి నడిచేవాళ్లు దాని మీద పడిపోతారు.

తలుపు తెరిచాక ఖాళీ జాగా 900 మిల్లీమీటర్లు ఉండాలి. రెండు రెక్కల తలుపైతే రెండో రెక్క గడియ పైన బిగించి ఉంటుంది, తీయమని అడిగి కొలవండి. టాయిలెట్ ఉందా అని అడిగితే 'ఉంది' అంటారు. తెరిచి చూపించమనండి. లోపల చీపుర్లు, విరిగిన కుర్చీలు, పాత ఫ్లెక్సీలు ఉంటే ఫొటో తీయండి. తలుపు లోపలికి తెరుచుకుంటుందేమో చూడండి. లోపల ఎవరైనా పడిపోతే అలాంటి తలుపు బయట నుంచి తీయలేం.

ఫుట్‌పాత్ సంగతికొస్తే, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన ఐఆర్‌సీ 103 మార్గదర్శకాల ప్రకారం అడ్డంకుల్లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు, అంటే మన ఆరడుగులు. రోడ్డు మీద నుంచి ఎత్తు 150 మిల్లీమీటర్లు, అంటే ఆరంగుళాలు దాటకూడదు. తల మీద కొమ్మలు, బోర్డులు 2.2 మీటర్లకు పైనే ఉండాలి. మన దగ్గర అడుగున్నర ఎత్తున్న ఫుట్‌పాత్‌లున్నాయి. ముసలివాళ్లు వాటిని ఎక్కలేక రోడ్డు మీదే నడుస్తారు. ప్రతి గేటు దగ్గరా ఫుట్‌పాత్ దిగి మళ్లీ లేచే చోట, క్రాసింగ్ దగ్గర వాలు ఉందో లేదో రాసుకోండి.

బైకులు ఎక్కకుండా పాతే రాళ్లు, స్తంభాలు వేరే తలనొప్పి. వాటి మధ్య 1200 మిల్లీమీటర్లు ఉండాలి. అంత వదిలితే బైకు కూడా దూరుతుంది, నిజమే. వీల్‌చైర్ పట్టేంత జాగాలో బైకును ఆపే స్తంభం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. బైకుకు చలానా వేయొచ్చు. వీల్‌చైర్‌ను బయటే ఆపేస్తే దానికి వేరే దారి లేదు.

ఈ కొలతలు మీరు సొంతంగా చెప్తున్నట్టు రాయకండి. 2021లో కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ తెచ్చిన ప్రమాణాలున్నాయి, ఇంజనీర్లు 'హార్మొనైజ్డ్ గైడ్‌లైన్స్' అంటారు. భవనానికి ఆ పేరు, ఫుట్‌పాత్‌కు ఐఆర్‌సీ 103 పేరు రాస్తే చాలు. ఏఈకి కూడా అదే ధైర్యం. ఆడిట్ వాళ్లు అడిగితే చూపించుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది.

అది ఎవరి పరిధి?

సగం అర్జీలు ఇక్కడే ఆగిపోతాయి. ఫుట్‌పాత్ మున్సిపల్ కార్పొరేషన్‌ది. దాని మధ్యలో మ్యాన్‌హోల్ జలమండలిది. పక్కనే ట్రాన్స్‌ఫార్మర్ విద్యుత్ పంపిణీ సంస్థది. కొన్ని పెద్ద రోడ్లు ఆర్ అండ్ బీవి, అంటే రోడ్లు భవనాల శాఖవి, హైవే అయితే మళ్లీ వేరు. మెట్రో స్టేషన్‌లో లిఫ్టు మెట్రో వాళ్లది, ఆ లిఫ్టు దాకా వెళ్లే దారి మాత్రం వాళ్లది కాకపోవచ్చు. సికింద్రాబాద్‌లో కంటోన్మెంట్ బోర్డు పరిధిలో ఉంటే కార్పొరేషన్‌కు ఎంత మొరపెట్టుకున్నా లాభం లేదు. పైగా ఈ మధ్య వార్డులు, సర్కిళ్ల హద్దులు మారాయి. పాత పన్ను రశీదు చూసి ఊహించకండి. జీహెచ్‌ఎంసీ కాల్ సెంటర్ 040-21111111కి ఫోన్ చేసి మీ చోటు ఏ సర్కిల్‌లోకి వస్తుందో అడగండి. జలమండలికి 155313, కరెంటుకు 1912.

ఒకే చోట మూడు శాఖల వస్తువులుంటే మూడు అర్జీలు రాయండి, మిగతా ఇద్దరికీ కాపీలు పెట్టండి. లేకపోతే మీ కాగితం 'సంబంధిత శాఖకు పంపడమైనది' అనే ఒక్క వాక్యంతో ఊరంతా తిరుగుతుంది.

అర్జీ ఇలా రాయండి

అర పేజీ దాటొద్దు. నేను రెండోసారి రాసినది దాదాపు ఇలా ఉంది:

'డిప్యూటీ కమిషనర్ గారికి. విషయం: ఫలానా భవనం ముందు ర్యాంప్ నిర్మాణం గురించి. ఈ భవనం ప్రధాన ద్వారం ముందు ఒక్కొక్కటి 6 అంగుళాల ఎత్తున్న 3 మెట్లు ఉన్నాయి. ర్యాంప్ లేదు. ఎడమ గోడ వెంబడి 14 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఖాళీ జాగా ఉంది. మలుపుతో కలిపి 18 అడుగుల వాలు అక్కడ సరిపోతుంది. వికలాంగుల హక్కుల చట్టం 2016, సెక్షన్ 45 ప్రకారం, 2021 ప్రమాణాలకు తగ్గట్టు 1:12 వాలుతో, 1200 మి.మీ. వెడల్పుతో, రెండు పక్కలా కడ్డీలతో ర్యాంప్ నిర్మించాలని కోరుతున్నాను. పని మంజూరయ్యే ముందు డ్రాయింగ్ నకలు ఇప్పించగలరు. జతపరిచినవి: 4 ఫొటోలు, చేతితో గీసిన ప్లాన్.'

ఇంతే. కింద మీతో నడిచిన వాళ్ల సంతకాలు, కాలనీ సంఘం సంతకం ఉంటే బరువు పెరుగుతుంది. మీకు వికలాంగ ధ్రువపత్రం ఉండక్కర్లేదు. సదరం, యూడీఐడీ కార్డులు పింఛనుకు, బస్ పాస్‌కు కావాలి. మెట్లు ఎత్తుగా ఉన్నాయని చెప్పడానికి అవి ఎందుకు?

సెక్షన్ 45 గురించి రెండు ముక్కలు. నిబంధనలు వెలువడిన నాటి నుంచి ఐదేళ్లలో పాత పబ్లిక్ భవనాలన్నీ అందరూ వాడుకునేలా మారాలని అది చెబుతుంది. నిబంధనలు వచ్చింది 2017 జూన్‌లో. ఐదేళ్లు కలిపి చూసుకోండి. ఆ తర్వాత 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, రాజీవ్ రతూరి కేసులో, ఈ ప్రమాణాలు సలహాల్లా ఉంటే సరిపోదని, తప్పనిసరిగా పాటించాల్సినవి వేరుగా తేల్చి నిబంధనలు చేయాలని కేంద్రానికి చెప్పింది. ఆ కేసులో కోర్టుకు దేశంలో పరిస్థితి మీద నివేదిక ఇచ్చింది మన శామీర్‌పేటలోని నల్సార్ లా యూనివర్సిటీ వికలాంగ అధ్యయన కేంద్రమే. ఫుట్‌పాత్ మీద అర్జీ అయితే 2025 మే 14 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వును ప్రస్తావించండి. వికలాంగులూ వాడుకోగలిగే ఫుట్‌పాత్‌ను జీవించే హక్కులో భాగంగా చూసింది అందులోనే.

ఇచ్చిన కాగితానికి రుజువు

సర్కిల్ ఆఫీసులో ఇస్తే రెండో కాపీ మీద ఇన్‌వార్డ్ స్టాంపు, నంబరు, తేదీ వేయించుకోండి. 'రేపు వేస్తం' అంటే కూర్చోండి. సోమవారాల్లో కలెక్టరేట్లలో, కార్పొరేషన్ ఆఫీసుల్లో ప్రజావాణి ఉంటుంది. మంగళ, శుక్రవారాల్లో బేగంపేట ప్రజాభవన్‌లో రాష్ట్ర స్థాయి ప్రజావాణి ఉంటుంది. అక్కడికి పొద్దున్నే వెళ్లాలి, ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు అవి ఆగిపోతాయి. కేంద్రం 2021లో తెచ్చిన సుగమ్య భారత్ యాప్‌లోనూ ఫొటోతో ఫిర్యాదు పెట్టొచ్చు. నా మట్టుకు యాప్‌లు రుజువు కోసమే. పని జరిగేది ఏఈ టేబుల్ దగ్గరే.

ఏ ఆఫీసైనా, పని కాకుండానే 'పరిష్కరించబడినది' అని మెసేజ్ వస్తే కంగారు పడకండి. ఆ రోజే అదే చోట తేదీ కనిపించేలా ఫొటో తీసి, మెసేజ్ స్క్రీన్‌షాట్‌తో కలిపి దాచండి. తర్వాత అదే మీ బలమైన కాగితం అవుతుంది.

సమయం కూడా చూసుకోండి. మార్చి తర్వాత 'ఫండ్స్ లేవు', వానాకాలంలో 'తవ్వకూడదు' అంటారు. వచ్చే ఏడాది పనుల లెక్కలు చలికాలంలో కదులుతాయి. అక్టోబరు, నవంబరులో అర్జీ ఇచ్చి, డిసెంబరు 3 వికలాంగుల దినోత్సవం వారంలో గుర్తు చేస్తే అధికారులు కాస్త మెత్తగా ఉంటారు. ఇంకా సులువు దారి ఒకటుంది. మీ వీధిలో సీసీ రోడ్డో, డ్రైనేజీ లైనో మంజూరైందని తెలిస్తే ఎస్టిమేట్ దశలోనే వెళ్లి ఫుట్‌పాత్ వాలు కలపమని అడగండి. పోసే కాంక్రీటులోనే అది అయిపోతుంది. రోడ్డు అయిపోయాక అడిగితే దానికి వేరే ఎస్టిమేట్, వేరే సంతకాలు, ఇంకో ఏడాది.

కదలకపోతే

నెల చూసి, ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు వేయండి. ఫీజు 10 రూపాయలు, తెల్ల రేషన్ కార్డు వాళ్లకు అదీ లేదు. 'ఎందుకు చేయలేదు' అని అడగొద్దు, అది సమాచారం కిందికి రాదంటారు. మీ ఇన్‌వార్డ్ నంబరు రాసి, దాని మీద ఏ తేదీన ఏ అధికారి ఏం రాశారో ఆ నోట్ ఫైలు నకలు, ఎస్టిమేట్ నకలు అడగండి. పని అయిపోయిందంటే ఎం-బుక్ నకలు అడగండి, అంటే కొలతలు రాసే పుస్తకం. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండోది. అర్జీ రాయలేని వాళ్లు నోటితో చెప్తే సమాచార అధికారే రాసిపెట్టాలి. చూపు, వినికిడి లోపం ఉన్నవారికి సమాచారం అందేలా సాయం చేయాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. చాలామందికి ఇది తెలియదు.

అప్పటికీ కదలిక లేకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్. మలక్‌పేట నల్గొండ చౌరస్తా దగ్గర వికలాంగుల సంక్షేమ భవన్‌కు వెళ్లండి. లాయరు తప్పనిసరి కాదు. మీ అర్జీ, ఇన్‌వార్డ్ కాపీ, ఆర్టీఐ జవాబు, ఫొటోలు తేదీల వరుసలో పెట్టి ఒక పేజీ ఫిర్యాదు ఇవ్వండి. అధికారులను పిలిపించడానికి, ఫైళ్లు తెప్పించడానికి ఆ కమిషనర్‌కు సివిల్ కోర్టుకున్న అధికారాలున్నాయి. సిఫార్సు చేస్తే ఆ శాఖ మూడు నెలల్లో ఏం చేసిందో చెప్పాలి. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల దాకా, మళ్లీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది. దీన్ని మొదటి అర్జీలోనే రాసి బెదిరించకండి. రెండోసారికి దాచుకోండి.

కట్టే దశలో ఉన్న భవనమైతే మీ పని తేలిక. చట్టంలోని సెక్షన్ 44 ప్రకారం ప్రమాణాలు పాటించని ప్లానుకు అనుమతి ఇవ్వకూడదు, కట్టాక ఆక్యుపెన్సీ, అంటే భవనం వాడుకోవచ్చన్న సర్టిఫికెట్, కూడా ఇవ్వకూడదు. డ్రాయింగ్‌లో ర్యాంప్ ఉంటుంది, సైటులో ఆ జాగాలో పూలకుండీలుంటాయి. ఆక్యుపెన్సీ రాకముందే టౌన్ ప్లానింగ్ వాళ్లకు ఫొటోతో రాయండి. ఒకసారి అది చేతికొచ్చిందంటే బిల్డరు మీ ఫోన్ ఎత్తడు.

సిమెంటు పోసే రోజు సెలవు పెట్టండి

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. శాంక్షన్ అయింది, కాంట్రాక్టర్ వచ్చాడు, నాకు ఆఫీసులో పని పడి వెళ్లలేదు. సాయంత్రం వెళ్లేసరికి మూడు మెట్ల మీద ఆరడుగుల వాలు పోసేశారు. అంటే అడుగుకు మూడంగుళాలు, మన ఇళ్ల ముందు బైకు ఎక్కించడానికి వేస్తామే, అదే. ఫోన్ పెడితే 14 డిగ్రీలు చూపించింది. మేస్త్రి ధీమాగా ఉన్నాడు. "ఏం కాదమ్మా, బండి మంచిగ ఎక్కుతది." నాన్న కుర్చీలోంచి దాని వంక చూసి, "ఎక్కుడు సరే, దిగుడెట్ల బిడ్డా?" అన్నారు.

దాన్ని పగలగొట్టించడానికి ర్యాంప్ తెప్పించినదానికంటే ఎక్కువ తిరిగాను. కట్టినదాన్ని కూల్చమంటే ఆఫీసులో ఎవరికైనా కష్టమే, బిల్లు ఆగుతుంది, మాట వస్తుంది. నన్ను కాపాడింది అర్జీలో రాసిన 1:12 అన్న అంకె. ఎస్టిమేట్‌లోనూ అదే ఎక్కింది కాబట్టి, పోసింది దానికి సరిపోలేదని ఎం-బుక్ రాసేటప్పుడు ఏఈ ఒప్పుకోక తప్పలేదు. అర్జీలో 'ర్యాంప్ కావాలి' అని మాత్రమే ఉండుంటే, ర్యాంప్ వచ్చింది కదా అనేవారు.

అందుకే పని మొదలయ్యే తేదీ ఏఈని అడిగి రాసుకోండి. షట్టరింగ్, అంటే కాంక్రీటు ఆగడానికి పెట్టే చెక్కలు, బిగించగానే, కాంక్రీటు పోయకముందే, పొడవూ ఎత్తూ కొలవండి. నేల మీద సున్నంతో చివరి గీత మీరే గీయించండి. వీల్‌చైర్ వాడేవారు ఆ రోజు అక్కడుంటే ఇంకా మేలు, మేస్త్రికి మీరు చెప్పేదానికంటే ఆయన ఎదురుగా ఉండడమే బాగా అర్థమవుతుంది. టీ తెప్పించండి. మా రెండో మేస్త్రి కడ్డీ ఎత్తు చూడటానికి నాన్న చెయ్యిని పట్టుకుని కొలిచాడు. పుస్తకంలో లేని కొలత అది, కానీ సరిగ్గా సరిపోయింది.

అయిపోయాక నెలకోసారి వెళ్లి చూడండి. మా ర్యాంప్ మీద రెండో వారంలోనే రెండు స్కూటర్లు పార్క్ అయ్యాయి, మూడో వారంలో పక్కగేటుకు తాళం పడింది. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ భోజనానికి. ఇలాంటప్పుడు కొత్త ఫిర్యాదు పెట్టకండి, కొత్త నంబరు ఇచ్చి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. ఫొటో తీసి, పాత ఇన్‌వార్డ్ నంబరే పైన రాసి, 'పని పూర్తయింది, వాడకానికి లేదు' అని అదే ఆఫీసుకు పంపండి. ఫైలు వాళ్ల దగ్గరే ఉంది, వెతుక్కుంటారు.